పోలిక వేరు, చుట్టరికం వేరు

తెలుగు భాషా చరిత్రలో ముందుమాటకు ఒక ప్రత్యేకమైన గౌరవం ఉంది. 1816లో ఎ.డి. కాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణాన్ని అచ్చు వేయించినప్పుడు, మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దానికొక పీఠిక జతచేశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ ధాతువుల పట్టికలతో వాదించింది అందులోనే. ద్రావిడ భాషలను పోల్చి చూపిన కాల్డ్వెల్ గ్రంథం రావడానికి అప్పటికింకా 40 ఏళ్లుంది. చిన్న మాటల మీద పుస్తకం రాశాను, నాలుగు ముక్కలు రాసి ఆశీర్వదించండని ఈ అమ్మాయి అడిగినప్పుడు నాకు ఎల్లిసే గుర్తొచ్చాడు. ఆయన చుట్టరికం ఉన్నచోట చూపించాడు. ఈమె లేనిచోట లేదని చెప్పింది. అలా చెప్పడానికీ అంతే చదువు కావాలి.

ఒక అక్షరం, మహా అయితే రెండక్షరాల మాటలు. ఒకదానికొకటి ఏమీ కాని భాషల్లో అదే పలుకు ఏయే అర్థాలతో బతుకుతోందో ఒక్కో వ్యాసం చెబుతుంది. మన వీధిలో మొరిగే కుక్క ఫిన్లాండులో పువ్వు. మన కల అక్కడ చేప. మనం ఆప్యాయంగా 'అన్న' అంటే వాళ్లకు 'ఇవ్వు' అని వినిపిస్తుంది. 'నాని' జపాన్‌లో 'ఏమిటి', స్వాహిలీలో 'ఎవరు', హిందీలో అమ్మమ్మ, మన ఇళ్లలో పిల్లవాడి ముద్దుపేరు. పిల్లలు చదివి నవ్వుకుంటారు. నవ్వుకోవాలి కూడా, చదువు అక్కడే మొదలవుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన వ్యాసం 'రా, పో'. తెలుగు పసివాడి నోట ముందుగా పలికే క్రియలివి. న్యూజిలాండు మావోరీ భాషలో 'రా' అంటే సూర్యుడు, పగలు. 'పో' అంటే రాత్రి. మన రాకపోకలు వాళ్లకు రేయింబవళ్లన్నమాట! ఆ ముచ్చట చెప్పి ఊరుకోకుండా రచయిత్రి కారణంలోకి దిగింది. మావోరీలో హల్లులు 10, అచ్చులు 5. ఒక హల్లుకు హ్రస్వమో దీర్ఘమో చేర్చి పలకగలిగేవి 100కి మించవు. మాట హల్లుతో ముగియదు. తెలుగు ఎటూ అజంత భాషే. ఫిన్నిష్, జపనీస్ మాటలు కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ఉన్న కాసిని పలుకులతోనే ప్రతి జాతీ తన నిత్యావసరాలన్నిటికీ పేర్లు పెట్టుకోవాలి. ఇక మాటలు ఒకదానికొకటి తగలకుండా ఎలా ఉంటాయి? మాట పొడుగయ్యేకొద్దీ ఈ కలయికలు అరుదైపోతాయి.

ప్రాచీన ఈజిప్టు సూర్యదేవుణ్ణి కూడా 'రా' అనే అంటున్నాం కదా, మావోరీలు అక్కణ్ణుంచే వెళ్లారా అని అడిగేవాళ్లుంటారు. ఈజిప్టు చిత్రలిపిలో అచ్చులు రాయరు. ఆ దీర్ఘం మన కాలపు పండితులు చదువుకునే వీలు కోసం పెట్టుకున్నది. ఈ ఒక్క సంగతి చెప్పి రచయిత్రి ఆ దారి మూసేసింది. ఆ నిగ్రహం నాకెంతో నచ్చింది.

మరి నిజమైన చుట్టరికాన్ని పోల్చుకునేదెలా? దీనికి ఆమె ఎన్నుకున్న మాట 'కివి'. మావోరీలకు కివి ఎగరలేని పక్షి. ఆ పక్షి పేరే తర్వాత మనం బజార్లో కొనే పండుకు వచ్చింది. కన్నడిగులకు కివి అంటే చెవి. పలుకు చూస్తే పక్షి పేరూ కన్నడ మాటా ఒకటే, మన చెవి వేరుగా ఉంది. అసలు బంధుత్వం మాత్రం చెవికీ కన్నడ కివికీ మధ్యనే. కన్నడంలో 'కై', మనకు 'చేయి'. అక్కడ 'కెరె', ఇక్కడ 'చెరువు'. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు వాళ్ల కకారం ఉన్నచోట మనకు చకారం వరుస తప్పకుండా వస్తుంది. ఆ వరుసే సాక్ష్యం. ఒక్క మాట అచ్చు గుద్దినట్టు కలిస్తే ఏమీ తేలదు. పది మాటలు ఒకే పద్ధతిలో తేడాగా ఉంటే చాలా తేలుతుంది. కాలేజీ పిల్లలకు నేను గంటసేపు చెప్పే పాఠాన్ని ఈమె రెండు పేజీల్లో చెప్పింది.

ఈ జాగ్రత్త మనకు అవసరం. కొరియన్లో 'నా' అంటే నేను, 'అప్పా' అంటే నాన్న. 1905లో హోమర్ హల్బర్ట్ ఇలాంటి పోలికలతో కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ కలుపుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ వాదన నిలబడలేదు. అయినా అవే జాబితాలను మనవాళ్లు ఇప్పటికీ ఉత్సాహంగా పంచుకుంటూనే ఉన్నారు. రచయిత్రి ఆ ఉత్సాహాన్ని చిన్నబుచ్చలేదు, రుజువు మాత్రం అడిగింది.

వరసల పిలుపుల దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. జార్జియన్ భాషలో 'మామ' అంటే నాన్న, 'దెద' అంటే అమ్మ. పాత గోథిక్‌లో 'అత్త' అంటే తండ్రి. నాలుగో శతాబ్దపు బైబిలు అనువాదంలో దేవుణ్ణి ఆ పేరుతోనే పిలిచారు. స్వాహిలీలో 'దాద' అక్క, బెంగాలీలో 'దాదా' అన్న, హిందీలో తాత. పెదవులు కలిపితే వచ్చే మ, ప, బలు, నాలుక పళ్లకు తగిలితే వచ్చే త, దలు పసినోటికి ముందుగా పట్టుబడతాయని భాషావేత్త రోమన్ యాకోబ్సన్ 1960 నాటి వ్యాసంలో వివరించాడు. శబ్దం బిడ్డది. అది ఎవరి పిలుపో నిర్ణయించేది ఇంట్లో పెద్దవాళ్లు.

'మా' మీది వ్యాసం ఇంకొంచెం పెద్దదిగా ఉండాల్సింది. చైనీస్‌లో స్వరం మారేకొద్దీ అది అమ్మ, నార, గుర్రం, తిట్టడం అవుతుంది. వియత్నామీస్‌లో దెయ్యం, ఫిన్నిష్‌లో నేల. అరబీలో ఏమిటనీ, కాదనీ. సంస్కృతంలో వద్దని వారించే మాట. ఇన్ని చెప్పి మన 'మా' దగ్గర తొందరపడింది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మన', కలుపుకోకపోతే 'మా' అన్న తేడా హిందీకి లేదు, ఇంగ్లీషుకు లేదు. అది మనకు ద్రావిడ కుటుంబం నుంచి వచ్చిన సొత్తు. దాని గురించి నాలుగు పేజీలు రాసినా ఎక్కువ కాదు.

ఇంకొక వెలితి చెబుతాను. జపాన్, ఫిన్లాండు దాకా వెళ్లిన రచయిత్రి మన గుమ్మంలో ఉన్న సవరను తాకలేదు. సవర ముండా కుటుంబపు భాష. తెలుగుకు చుట్టం కాదు, తరతరాల పొరుగు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశారు. పనికి పునాది ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. మీ తరగతిలో సవర పిల్లలు పలికే చిన్న మాటలను, వాళ్లు చెప్పిన అర్థంతో సహా, రాసి ఈ రచయిత్రికి పంపండి. రెండో ముద్రణలో వాటికి చోటివ్వమని నేను ఇప్పుడే ఆమెతో చెప్పాను. ఆమె సరేనంది.