రెండు పండ్ల బొమ్మలు

మహారాష్ట్ర డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షల్లో ఇంటర్మీడియట్‌కి 'స్టిల్ లైఫ్' అనే పేపరు ఉంటుంది. ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి రంగులు వెయ్యాలి. ఈ రకం బొమ్మలకు లోకమంతా పేరు తెచ్చినవాళ్ళు 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారులు. వాళ్ళ బొమ్మలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది యాన్ డి హేమ్ 1640లో వేసిన విందు బల్ల. ఇది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. వెడల్పు 2 మీటర్ల పైనే. ద్రాక్ష, రకరకాల పండ్లు, గిన్నెలు, పక్కన వీణలాంటి వాయిద్యం. చూస్తుంటే కళ్ళు చాలవు. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1893లో దీన్ని చూసి నకలు వేసి, 1915లో మళ్ళీ తన పద్ధతిలో వేశాడు.

రెండోది ఆడ్రియాన్ కోర్టె 1705లో వేసింది. హేగ్‌లోని మారిట్స్‌హౌస్‌లో ఉంది. ఎత్తు 16.5 సెంటీమీటర్లు, అంటే మన నోటుబుక్కు కన్నా చిన్నది. రాతి గట్టు మీద ఒక చిన్న మట్టి కుండ, దాని నిండా అడవి స్ట్రాబెర్రీలు, పైన ఒక తెల్ల పువ్వు. వెనుక అంతా చీకటి. అంతే! ఫోన్‌లో చూస్తే రెండు బొమ్మలూ ఒకే సైజులో కనిపిస్తాయి. అక్కడే మనం మోసపోతాం.

డి హేమ్ బొమ్మ గొప్పదే గాని, అందులో పండు కన్నా సంపద ఎక్కువ కనిపిస్తుంది. ఆ సంపద ఊరికే రాలేదు. 1602లో పెట్టిన డచ్చి కంపెనీ మచిలీపట్నం, పులికాట్ రేవుల్లో మన నేతగాళ్ళ బట్ట కొని, తూర్పు దీవులకు తీసుకుపోయి మసాలా దినుసులకు మార్చుకునేది. బొమ్మలోని బట్ట మనదని అనడం లేదు. అట్లాంటి బల్ల నిండడానికి ఎక్కడెక్కడి చేతులో పనిచేశాయి, ఒక్క చెయ్యి కూడా బొమ్మలో లేదు అంటున్నాను.

కోర్టె బొమ్మలోనూ మనుషులు లేరు. అయినా అది దేన్నీ గొప్పగా చూపించదు. కొద్దిపాటి పండ్లను, ఇంకేమీ అక్కర్లేదన్నట్టు చూపిస్తుంది. పేదింట్లో కూడా బొమ్మ వెయ్యదగ్గ వస్తువు ఉంటుందని నాకు ధైర్యం చెప్పింది ఇదే. బండి మీది ఒక్క హాపూస్ మామిడి చాలు, బల్ల నిండా పండ్లు కొననవసరం లేదు.

ఒక్క విషయంలో మాత్రం డి హేమ్ దగ్గరే నేర్చుకోవాలి. ఆయన బల్ల మీది తెల్లబట్టను చూడండి. ప్రతి మడతకూ వేరే నీడ, ప్రతి నీడకూ వేరే బరువు. మనలో చాలామంది పండ్లకు గంటసేపు పెట్టి, బట్టను చివరి ఐదు నిమిషాల్లో పూసేస్తాం. భివండిలో పగలూ రాత్రీ సాంచాల మీద బట్ట నేసే ఇళ్ళ పిల్లలం. బట్టను వెనుక ఖాళీ నింపే రంగులా చూడడం మనకు తగదు.