జనరల్ నాలెడ్జిలో పోచమ్మకు గడి ఏదీ?

షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్ల నుంచి గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే మన పిల్లల చేతుల్లో జనరల్ నాలెడ్జి గైడ్లు ఉంటాయి. వాటిల్లో 'ప్రపంచ మతాలు' అనే పట్టిక కనిపిస్తుంది. మతం, స్థాపకుడు, పవిత్ర గ్రంథం, ప్రార్థనా స్థలం: నాలుగు గడులు. యూదులకు తోరా, సినగాగు. పార్సీలకు అవెస్తా, అగ్ని ఆలయం. సిక్కులకు గురుగ్రంథ్ సాహెబ్, గురుద్వారా. ఈ పట్టికను మేము విమర్శకు పెడుతున్నాం. ఎందుకంటే ఇది సమాచారం ఇచ్చి ఊరుకోదు, ఏది మతమో ఏది కాదో తీర్పు కూడా చెబుతుంది.

పట్టికలో పోచమ్మ లేదు. ఎల్లమ్మ, మైసమ్మ లేరు. స్థాపకుడు లేడు గనుక అంటారా? హిందూ మతానికీ స్థాపకుడు లేడు, అయినా ఆ వరుస తీసెయ్యలేదు. గ్రంథం లేదంటారా? మాదిగలకు జాంబ పురాణం ఉంది. చిందు, డక్కలి కళాకారులు తరతరాలుగా దాన్ని నోటితో నిలబెట్టారు. వేదాలు కూడా ఎన్నో తరాలు నోటనే నడిచినయి గదా! తేడా నోటికీ రాతకూ మధ్య లేదు, ఎవరి నోరు అన్నదాంట్లో ఉంది.

పోచమ్మ హిందూ వరుసలోనే ఉంది గదా అనేవాళ్లున్నారు. వేదం వినే హక్కు కూడా లేదన్న మనుషులను వేదం గడిలోనే లెక్కగట్టడం ఏం న్యాయం? హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ (1888–1939) పంచములన్న పేరును కాదని ఆది హిందువులమన్నారు, బుద్ధ జయంతులు జరిపించారు. 1996లో కంచ ఐలయ్య 'నేను హిందువునెట్లయిత?' అని పుస్తకమే రాశారు. ఇటు కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు అన్ని కులాలోళ్లూ మొక్కులు తీర్చడానికి పోతారు. ఊర్లల్ల పీర్ల పండుగకు మనోళ్లు పీరునెత్తుతారు. వీళ్లను ఏ గడిలో రాస్తారు?

గడి మారితే బతుకే మారుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డ్ కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం, ఇస్లాం తీసుకున్న దళితులను చేర్చలేదు. క్రైస్తవులైన మాల మాదిగలు మన దగ్గర బీసీ-సీలో, ఒక్క శాతం రిజర్వేషన్లో ఉన్నారు. మతం మార్చుకున్నా వాడ మారలేదు, సర్టిఫికెట్టు మాత్రం మారింది. గైడు మాత్రం 'క్రైస్తవం – బైబిల్ – చర్చి' అని ఊరుకుంటుంది.

అట్లాగని పోచమ్మకు ఒక గడి ఇస్తే చాలని మేము అనడం లేదు. ఎల్లమ్మ పేరు మీదనే దళిత ఆడపిల్లలను జోగినిగా విడిచారు. దాన్ని ఆపడానికి 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేయాల్సి వచ్చింది. బొడ్రాయి పండుగలో డప్పు మనది, పెత్తనం ఇంకొకరిది. మన దేవత అయినంత మాత్రాన ప్రశ్న ఆగరాదు. అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది ఈ ప్రశ్నతోనే. ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు పాత దేవుళ్లను వదలమన్నాయి, మనుషులందరూ సమానమని నమ్మమన్నాయి. గైడులోని బౌద్ధం వరుస త్రిపిటకాల దగ్గరే ఆగిపోతుంది. నాగపూర్ దాకా రాదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు మా సూచన ఒక్కటే. ఆ పట్టికను బోర్డు మీద రాసినప్పుడు అయిదో గడి గీయండి: 'ఈ మతం అంటరానోణ్ణి ఎక్కడ నిలబెట్టింది?' వేదానికీ బైబిల్‌కూ ఖురాన్‌కూ, పోచమ్మకూ అదే ప్రశ్న. ఆ గడిని పిల్లలు తమ ఊరు చూసి నింపాలి. పరీక్షలో దానికి మార్కులు రాకపోవచ్చు. కానీ మతాల గురించి మనకు కావాల్సిన జ్ఞానం అక్కడే మొదలవుతుంది.