పాటకు డబ్బెవరిచ్చారు?

అరసవల్లి నుంచి విజయనగరమో విశాఖో చేరిన యువకుడు మన కథల్లో పగలు ఉద్యోగం వెతుకుతాడు, రాత్రి పాట వింటాడు. ఆ రాత్రిని మన కథకులు రెండే రకాలుగా రాస్తున్నారు: అయితే పతనానికి తొలిమెట్టు, లేకపోతే మైమరపు. రెండింటిలోనూ డబ్బు లెక్క కనిపించదు.

ఆ లెక్క గురజాడ ఏనాడో వేశాడు. 1909 నాటి ‘కన్యాశుల్కం’లో తెర లేవగానే గిరీశం తన చిక్కులు చెప్పుకుంటాడు. సంతలో సామాను కొనితెస్తానని పూటకూళ్లమ్మ దగ్గర పుచ్చుకున్న ఇరవై రూపాయలు మధురవాణి కింద ఖర్చయిపోయాయి. పట్నంలో అతని రాత్రుల ఖరీదును ఒక వితంతువు వంటిల్లు చెల్లించింది.

అంతమాత్రాన గురజాడ పాటను తప్పుపట్టలేదు. నాటకంలో అందరికంటె నిశితమైన బుద్ధిని మధురవాణికే ఇచ్చాడు. ఆయన దెబ్బకొట్టింది మనిషినీ పాటనూ కలిపి కొనుక్కునే సంబంధాన్ని. ఈ తేడా గుర్తించని విమర్శ నీతిబోధగా మిగిలిపోతుంది.

సిక్కోలు పల్లెల్లో మరో రాత్రి ఉంది. అక్కడి జముకుల కథను సుబ్బారావు పాణిగ్రాహి రైతాంగ పోరాటానికి గొంతుగా మలిచాడు. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలయ్యాడు. అయితే ఆ రాత్రిని కూడా ఆదర్శంగా చూపి ఊరుకోకూడదు. కథ చెప్పేవాళ్ల ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా!

కొత్త ఊరి రాత్రిని రాసే మిత్రులారా, పాట ఎంత బాగుందో తప్పకుండా రాయండి. పాడినవాళ్లకు ఏం ముట్టిందో, అది ఎవరి కష్టంలోంచి వచ్చిందో కూడా రాయండి.