విషాద నాయకుడు ఎవరు? – హమార్తియా వెలుగులో హిప్పోలిటస్, సారంగధర కథలు

విషాదాంత నాటక నాయకుణ్ణి నిర్వచించేటప్పుడు అరిస్టాటిల్ వాడిన ‘హమార్తియా’ అనే మాటకు ‘శీలలోపం’ అన్న అర్థాన్ని తరచుగా చెబుతుంటారు. ఈ అర్థం వెనుక గ్రీకు మూలం కంటే షేక్‌స్పియర్ నాటకాల పఠనమే ఎక్కువగా కనిపిస్తుంది. 1904లో ఏ.సి. బ్రాడ్లీ గ్రంథం వెలువడిన తరువాత మాక్బెత్ అధికారకాంక్ష, ఒథెల్లో అనుమానం వంటివాటినే విషాదానికి బీజాలుగా చూడడం తరగతి గదుల్లో స్థిరపడింది. గ్రీకులో ఈ మాటకు మూలమైన క్రియకు గురి తప్పడం అని అర్థం. గురి తప్పినంత మాత్రాన విలుకాడు దుశ్శీలుడు కాడు.

‘పొయెటిక్స్’ 13వ అధ్యాయం నాయకుణ్ణి రెండు కొసల మధ్య నిలుపుతుంది. దుర్మార్గుడి పతనం జాలి కలిగించదు. ఉత్తముడి పతనం జాలినీ భయాన్నీ కాక, ఏవగింపును కలిగిస్తుంది. కాబట్టి నాయకుడు పేరుప్రతిష్ఠలున్నవాడై, దుష్టత్వం వల్ల కాక ఒక పొరపాటు వల్ల పడిపోవాలి. 14వ అధ్యాయం దీనికి మరొకటి చేరుస్తుంది: ఆ పొరపాటు అయినవాళ్ల మధ్య జరిగినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

ఈడిపస్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అతని కోపాన్నే పతనకారణంగా చూపే వ్యాఖ్యలు ఉన్నాయి కాని, అవి నిలవవు. టైరీసియస్‌పై అతడు మండిపడేనాటికే పితృహత్య, మాతృవివాహం రెండూ జరిగిపోయాయి. 1966లో ఈ.ఆర్. డాడ్స్ ఈ అపోహను గట్టిగానే ఖండించాడు.

యూరిపిడీస్ ‘హిప్పోలిటస్’ (క్రీ.పూ. 428) దగ్గర సమస్య జటిలమవుతుంది. సవతి కొడుకుపై మోహం పొందిన ఫేద్రా అతనిపై నింద రాసిపెట్టి ఉరి వేసుకుంటుంది. తండ్రి థీసియస్ ఆ రాత నమ్మి, విచారణ లేకుండానే కొడుకును శపించి దేశబహిష్కారం విధిస్తాడు. హిప్పోలిటస్‌లో తన పవిత్రత పట్ల అతిశయం, అఫ్రొడైట్ పట్ల తిరస్కారం ఉన్నాయి. శీలలోపం వెతికేవారికి అతడు సులువుగానే దొరుకుతాడు. కాని తెలియక తప్పు చేసినవాడు, తెలిసిన తరువాత బతికి ఉండవలసినవాడు థీసియస్. దేవత ఆర్టెమిస్ అతని అజ్ఞానాన్ని మన్నిస్తూనే, సాక్ష్యాన్ని పరీక్షించలేదనీ కాలానికి అవకాశమివ్వలేదనీ నిందిస్తుంది. చనిపోతున్న కొడుకు తండ్రిని క్షమిస్తాడు. బాధ హిప్పోలిటస్‌ది, హమార్తియా థీసియస్‌ది.

ఈ కథతో దగ్గరి పోలిక ఉన్న సారంగధర కథ తెలుగువారికి కొత్తది కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ తెలుగులో విషాదాంత నాటకానికి ఆద్యంగా పేరుపొందింది. సంస్కృత నాటక సంప్రదాయం సాధారణంగా మంగళాంతాన్నే కోరుతుంది. ‘శాకుంతలం’లోనూ అభిజ్ఞానం పశ్చాత్తాపం మీదుగా పునస్సమాగమానికే దారితీస్తుంది. ఆ నేపథ్యంలో ‘విషాద’ అన్న పదాన్ని పేరులోనే నిలపడం సాహసమే. అయితే ఆ పేరు సూచించే నాయకుణ్ణి 13వ అధ్యాయం ముందు నిలబెడితే చిక్కు వస్తుంది. సారంగధరుడు నిర్దోషి. చిత్రాంగి కోరికను కాదన్నందుకే నిందపడ్డవాడు. హిప్పోలిటస్‌కున్న అతిశయం కూడా అతనికి లేదు. పావురం కోసం సవతితల్లి మందిరంలో అడుగుపెట్టడాన్ని హమార్తియా అనడం ఆ మాటను పలచన చేయడమే. అరిస్టాటిల్ కొలతతో చూస్తే అతని పతనం ఏవగింపు కలిగించే కోవకే చెందుతుంది.

ఆ కొలతకు నిలిచేది రాజరాజ నరేంద్రుడు. రాజమహేంద్రవరాన్ని ఏలే ప్రభువు, కీర్తిమంతుడు, దుర్మార్గుడు కాడు. భార్య మాట నమ్మి కొడుకు కాళ్లూ చేతులూ ఖండించమని ఆజ్ఞాపిస్తాడు. నిజం తెలిసేసరికి శిక్ష అమలై ఉంటుంది. పొరపాటు, విపర్యయం, అభిజ్ఞానం మూడూ అతని వద్దే కలుస్తాయి. సారంగధరుడి కథగానే దీన్ని చదివినంతకాలం కరుణరసం పుష్కలంగా దొరుకుతుంది కాని, భయం దొరకదు. చేయని తప్పుకు శిక్షపడ్డవాణ్ణి చూసి జాలిపడతాం. మనమూ అలా నమ్మి ఉండేవాళ్లమే కదా అన్న వెరపు తండ్రిని చూసినప్పుడే పుడుతుంది.

ఒక్క తేడా మాత్రం ఉంది. థీసియస్ ఆయుధం శాపం. నోరు జారిన తరువాత దాన్ని వెనక్కు తీసుకునే అవకాశం లేదు. రాజరాజుది రాజాజ్ఞ. అది తలారులకు చేరి, వధ్యస్థలానికి వెళ్లి, అమలు కావాలి. అంతవరకూ దాన్ని ఆపే అధికారం ఆజ్ఞ ఇచ్చినవాడికే ఉంది. ఆర్టెమిస్ థీసియస్‌పై మోపిన నింద థీసియస్ కంటే రాజరాజుకే ఎక్కువ వర్తిస్తుంది.