పట్టికలోని అంకె, తీగెలోని వేడి

అమెరికా దేశమున ఇండ్లకు, కర్మాగారములకు విద్యుత్ తీగెలు అమర్చువారికి ప్రమాణగ్రంథము ‘నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్’. 1897లో తొలిసారి వెలువడిన ఈ నియమావళిని 1911 నుండి ఆ దేశపు అగ్నిప్రమాద నివారణ సంఘము ప్రకటించుచున్నది. మూడేండ్లకొకసారి దీనిని సవరింతురు. ఇది తనంత తాను చట్టము కాదు. రాష్ట్రములు, నగరములు స్వీకరించినచోట చట్టబలము పొందును. ఇందు 310.16 అను సంఖ్యగల పట్టికలో ఏ లావు తీగె ఎన్ని ఆంపియర్లు మోయగలదో ఇవ్వబడినది. ఆ పట్టికను చదువుట తేలిక అని చాలమంది తలంతురు. నిజమునకు, ఈ గ్రంథములో తప్పుగా చదువుటకు ఇంత అనువైన పుట మరొకటి ఉండుట అరుదు. తప్పు చదువు ఫలితము పరీక్షలో పోయిన మార్కు కాదు, గోడలో కాలిన తీగె.

ఒక తీగెకు మూడు అంకెలు

పట్టికలో 12 నంబరు రాగి తీగెకు మూడు నిలువు వరుసలలో మూడు అంకెలున్నవి: 60 డిగ్రీల వరుసలో 20 ఆంపియర్లు, 75 డిగ్రీల వరుసలో 25, 90 డిగ్రీల వరుసలో 30. తీగె ఒకటే. దాని అడ్డుకొలత సుమారు 2 మిల్లీమీటర్లు, కోత వైశాల్యము 3.31 చదరపు మిల్లీమీటర్లు. మరి మూడు అంకెలేల?

ఏలన, హద్దు రాగిది కాదు, తొడుగుది. రాగి 1085 డిగ్రీల వద్దగాని కరగదు. తీగెపైని బంధకపు తొడుగు అంతకు ఎంతో ముందే మెత్తబడును. లేదా ఏండ్ల తరబడి వేడికి ఎండి పెళుసెక్కును. 12 నంబరు తీగె నిరోధము 20 డిగ్రీల వద్ద మీటరుకు సుమారు 0.0052 ఓము. 20 ఆంపియర్లు ప్రవహించినపుడు మీటరు పొడవున పుట్టు వేడి సుమారు 2.1 వాట్లు, 30 ఆంపియర్లకు 4.7 వాట్లు. ప్రవాహము ఒకటిన్నర రెట్లయిన వేడి రెండుంబావు రెట్లగును. పుట్టిన వేడియు, చుట్టునున్న గాలిలోనికి పోవు వేడియు సమానమైనచోట తీగె ఉష్ణోగ్రత నిలుచును. ఆ నిలుచు ఉష్ణోగ్రత తొడుగు హద్దును మించకుండ చూచుటయే పట్టిక ఉద్దేశము.

కాబట్టి పట్టికలోని అంకె రాగి స్వభావమును తెలుపునది కాదు. కొన్ని షరతులకు లోబడి వచ్చిన సమాధానము. ఆ షరతులు పట్టికతోపాటే ఉన్నవి: చుట్టునున్న గాలి 30 డిగ్రీలు, ఒక గొట్టములో ప్రవాహము మోయు తీగెలు మూడింటికి మించరాదు. అంకెను చూచి షరతులను విడిచిన పాఠకుడు ప్రశ్నను చదువక సమాధానమును కంఠస్థము చేసినవాడగును.

బడిగణితముతో ఒక పరీక్ష

గాలి వేడెక్కినచోట పట్టిక అంకెలను తగ్గించుటకు నియమావళి కొన్ని గుణకములనిచ్చినది. గాలి 41 నుండి 45 డిగ్రీల వరకు ఉన్నచోట 60 డిగ్రీల తీగెకు 0.71, 75 డిగ్రీల తీగెకు 0.82, 90 డిగ్రీల తీగెకు 0.87. ఇవి ఎక్కడినుండి వచ్చినవో తెలియక గుడ్డిగా గుణించువారే ఎక్కువ. కాని తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడ వీనిని రాబట్టగలడు.

తీగె గాలికంటె ఎంత ఎక్కువ వేడిగా ఉండవచ్చునో అదే దాని అవకాశము. గాలి 30 డిగ్రీలైన 60 డిగ్రీల తీగెకు అవకాశము 30 డిగ్రీలు. గాలి 45 అయిన 15 డిగ్రీలే. వేడి ప్రవాహపు వర్గమును అనుసరించును గనుక ప్రవాహము అవకాశపు వర్గమూలమును అనుసరించును. 15ను 30చే భాగించి వర్గమూలము తీసిన 0.71. అట్లే 75 డిగ్రీల తీగెకు 30, 45ల నిష్పత్తికి వర్గమూలము 0.82, 90 డిగ్రీల తీగెకు 45, 60ల నిష్పత్తికి 0.87. మూడును పట్టికతో సరిపోయినవి. ఈ సూత్రము నియమావళిలోను కలదు; దాని వెనుకనున్న హేతువు మాత్రము అందు విప్పి చెప్పబడలేదు.

అన్ని అంకెలును ఇట్లే భౌతికశాస్త్రమునుండి వచ్చినవా అనిన, కాదు. లావు తీగెలలో 90, 60 డిగ్రీల వరుసల నిష్పత్తి సుమారు 1.35 ఉండవలెనని, నిరోధము వేడితో పెరుగుటను కూడ లెక్కించిన, తేలును. ‘1/0’ లావు తీగెకు పట్టికలో 170, 125, నిష్పత్తి 1.36. సరిపోయినది. కాని 14 నంబరు తీగెకు 25, 15, నిష్పత్తి 1.67. ఇచట ఉష్ణశాస్త్రముతోపాటు ఫ్యూజుల అలవాటు కూడ మాట్లాడుచున్నది. 2008 ముద్రణలో 12 నంబరు తీగెకు 60 డిగ్రీల వరుసలో 25 ఆంపియర్లుండెను. ఫ్యూజు 20ని మించరాదను నియమమును నక్షత్రపు గుర్తు సూచించెడిది. 2011 ముద్రణలో ఆ 25 తొలగి 20 వచ్చినది. ఆ మూడేండ్లలో రాగి మారలేదు. అంకె రాగిది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

రెండు విధములైన తప్పులు

మొదటి తప్పు ఆశతో చేయునది. తీగెపై 90 డిగ్రీల గుర్తు చూచి 12 నంబరు తీగెను 30 ఆంపియర్ల బ్రేకరునకు తగిలించుట. తీగె వేడి తీగెతో ఆగదు. కొనలగుండ బ్రేకరులోనికి, మరలలోనికి పారును. అందుచే 100 ఆంపియర్లు, అంతకు లోబడిన పరికరములలో, 75 డిగ్రీలకు తగినవని గుర్తులేని కొనలకు 60 డిగ్రీల వరుసనే పాటించవలెనని 110.14 నియమము చెప్పుచున్నది.

రెండవ తప్పు భయముతో చేయునది. 90 డిగ్రీల వరుసను అసలు తాకరాదనుకొనుట. వేడిచోటికి, గుంపుగానున్న తీగెలకు తగ్గింపు చేయునపుడు ఆ వరుసనుండియే మొదలిడుటకు నియమావళి అనుమతించినది. ఉదాహరణకు 43 డిగ్రీల వేడిగల చోట ఒకే గొట్టములో ప్రవాహము మోయు 12 నంబరు తీగెలు తొమ్మిది ఉన్నవనుకొందురుగాక. తొడుగు 90 డిగ్రీలది. వేడికి గుణకము 0.87, ఏడు మొదలు తొమ్మిది తీగెల గుంపుకు 0.70. 30ని ఈ రెంటితో గుణించిన 18.27 ఆంపియర్లు. ఇది కొనల హద్దగు 20కి లోబడియున్నది గనుక ఇదే సరియైన సామర్థ్యము. 20 నుండి మొదలిడి అవే గుణకములు వేసినవాడు 12.18 అనును, ప్రమాదములేదు గాని రాగి దండుగ. పట్టికలోని 30నే నమ్మినవాడు ఆ గొట్టములో తగినదానికంటె 2.7 రెట్ల వేడిని పుట్టించును.

ఫ్యూజు అంకెను తీగె సామర్థ్యముగా భావించుటయు ఇట్టిదే. 14, 12, 10 నంబరు తీగెలకు 15, 20, 30 ఆంపియర్ల రక్షణ మించరాదను నియమము 240.4లో కలదు. కాని మోటారు వలయములకు ఆ కట్టడి వర్తించదు. పూర్తి భారమున 10 ఆంపియర్లు తీసికొను మోటారునకు 12.5 ఆంపియర్లు మోయు తీగె చాలును. బ్రేకరు 25 వరకు ఉండవచ్చును. బయలుదేరునపుడు మోటారు ఐదారు రెట్ల ప్రవాహమును తీసికొనుటయే ఇందుకు కారణము. నిలుకడయైన అధికభారమునుండి తీగెను కాపాడు పనిని వేరొక రిలే చేయును. దీనిని చూచి నియమభంగమని కేక వేయువాడు అంకెను చదివెను, రక్షణను చదువలేదు.

గ్రంథదోషము, పాఠకదోషము

నింద అంతయు పాఠకునిదే కాదు. ఒక తీగెను నిర్ణయించుటకు 110, 240, 310, మోటారైన 430 ప్రకరణములలో తిరుగవలెను. పట్టిక చూచువానికి కొనల నియమము జ్ఞప్తికి తెచ్చు మాట శీర్షికలో లేదు. పట్టిక సంఖ్యయే 2011లో 310.15(బి)(16)గా మారి, 2020లో తిరిగి 310.16 అయినది. ఇవి గ్రంథరచనకు గుణములు కావు. అయితే ఇది శిక్షణలేనివారికి బోధించు పుస్తకము కాదని నియమావళి తన మొదటి ప్రకరణముననే చెప్పుకొన్నది. దానిని పాఠ్యగ్రంథముగా వాడుట వాడినవారి పొరపాటు.

తెలుగునాట ఉపాధ్యాయునకు ఇందు ఉపయోగించు అంశము స్పష్టము. భారత ప్రమాణములలో గాలి ఉష్ణోగ్రతను 40 డిగ్రీలుగాను, సాధారణ పి.వి.సి. తీగె హద్దును 70 డిగ్రీలుగాను గ్రహింతురు. అమెరికా పట్టికను యథాతథముగా ఇచటికి తేరాదు. రామగుండము వంటిచోట వేసవిలో గాలి 45 డిగ్రీలు దాటుట కలదు. 30 డిగ్రీల గాలికి లెక్కించిన 60 డిగ్రీల తీగెలో అచట పూర్తి ప్రవాహము పంపిన, 45కు 30 చేరి తీగె 75 డిగ్రీలకు పోవును. విద్యార్థులచేత పట్టికను వల్లెవేయించుటకు మారుగా ఈ ఒక్క కూడికను నల్లబల్లపై చేయించిన చాలును. గాలి ఎంత, తీగెలెన్ని, తొడుగు ఏది, కొనలెట్టివి అను నాలుగు ప్రశ్నలు అడుగుట నేర్చినవానికి ఏ దేశపు పట్టికయైనను అర్థమగును. అడుగనివాని చేతిలో ఉత్తమమైన పట్టికయు అపాయకరమే.