బారెడు దూరం నుంచి ఆకాశం దాకా

"రెండు మూరలియ్యమ్మా" అంటే తెనాలి బజారులో మల్లెపూలమ్మే మనిషి టేపు వెతకదు. దండను మోచేతికి ఆనించి వేలికొస దాకా లాగుతుంది, ఇంకోసారి లాగుతుంది, దారం తెంపుతుంది. చూపు అప్పటికే పక్కన నిలబడ్డ ఇంకో బేరం మీద ఉంటుంది. కొలత చేతికి వచ్చేసింది కాబట్టి కళ్లకు తీరిక దొరికింది. పాత రేంజ్‌ఫైండర్ కెమెరాను ఒంటిచేత్తో వాడే విద్య కూడా ఇలాంటిదే.

అసలు ఒంటిచేత్తో ఎందుకు? ఈ కృష్ణా డెల్టాలో తిరిగేవాడికి ఎడంచెయ్యి ఖాళీగా ఉండేది తక్కువ. రేపల్లె బండిలో నిలబడితే పైకమ్మీ పట్టుకోవాలి. కాలవగట్టు మీద సైకిలు నడిపించుకుంటూ పోవాలి. వానాకాలం గొడుగు, బాపట్ల సూర్యలంక ఒడ్డున పిల్లాడి చెయ్యి, పెళ్లిలో అయితే ఫ్లాష్. బొమ్మ మాత్రం ఇవేవీ వదిలిపెట్టేదాకా ఆగదు.

మొదట్లో కెమెరాకు రెండు చేతులు కూడా చాలేవి కావు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ కాలంలో చెక్కపెట్టె, ముక్కాలి పీట, గాజు పలకలు, మోసేందుకు మనుషులు కావాలి. జర్మనీలో వెట్జ్‌లర్ పట్టణపు లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బర్నాక్ సినిమా ఫిల్ము వాడే చిన్న కెమెరా తయారుచేశాడు. అదే 1925లో లైకా పేరుతో బజారుకొచ్చింది. జేబులో పట్టింది గానీ దూరం మాత్రం కంటి అంచనాతో పెట్టుకోవాల్సి వచ్చేది. 1932లో వచ్చిన లైకా 2లో దూరం కొలిచే ఏర్పాటు, అంటే రేంజ్‌ఫైండర్, లెన్సుతో జతకలిసింది. ఆ ఏడే జైస్ వాళ్ల కాంటాక్స్ కూడా వచ్చింది. తర్వాత జపాన్ వాళ్లు ఇలాంటి కెమెరాను మధ్యతరగతి చేతికి అందించారు. 1972లో వచ్చిన కానన్ వారి కానొనెట్ క్యూఎల్17 జీ3 అలాంటిదే. 40 మిల్లీమీటర్ల లెన్సు, సెకనులో 500వ వంతు దాకా షట్టర్. లైటు మీటరుకు సెల్లు కావాలి గానీ షట్టరుకు అక్కర్లేదు.

రేంజ్‌ఫైండర్ పని తెలియాలంటే బొటనవేలు ముఖం ముందు పెట్టి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటుంది. దగ్గరి వస్తువు ఎక్కువ జరుగుతుంది, దూరానిది తక్కువ. ఈ కెమెరా ముందు భాగంలోనూ ఎడంగా రెండు కిటికీలుంటాయి. రెంటిలోంచీ వచ్చే బొమ్మలు నడుమనున్న చిన్న మచ్చలో ఒకదానిమీద ఒకటి పడతాయి. లెన్సు తిప్పుతూ ఆ రెండూ ఒకటయ్యేలా చేస్తే ఫోకస్ కుదిరినట్టే. ఎస్సెల్లార్ కెమెరాలాగా లోపల అద్దం ఎగిరిపడదు. అందుకే అదురు తక్కువ, చప్పుడు తక్కువ, క్లిక్కుమన్న క్షణంలోనూ మనిషి కనబడుతూనే ఉంటాడు.

లెన్సు తిప్పడానికి రెండో చెయ్యి కావాలి కదా? కావాలి. ఆ పని ముందే ముగించెయ్యడమే కిటుకు. 40 మిల్లీమీటర్ల లెన్సుకు అపెర్చర్ ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ మూడు మీటర్లు దాటించి మూడున్నరకు కాస్త ఇవతల ఆపండి. అప్పుడు సుమారు మీటరూ డెబ్భై సెంటీమీటర్ల నుంచి కనుచూపు మేర దాకా ఉన్నదంతా తేటగా పడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, చేతులు బార్లా చాపితే వచ్చే బార దాదాపు మనిషి ఎత్తు. ఫోకస్ రెండు బారల దగ్గర నిలిపితే బారెడు దూరం నుంచి ఆకాశం దాకా మనదే.

ఇక వెలుతురు. మబ్బులేని పగటి ఎండలో ఎఫ్ 16కు షట్టర్ వేగం ఫిల్ము స్పీడుకు దగ్గరి అంకె అయితే చాలన్నది పాత ఫోటోగ్రాఫర్ల సూత్రం. 400 స్పీడు రోలుకు 500వ వంతు. సూర్యలంక ఇసుక మీద వెలుగు రెట్టింపనుకుంటే 200 స్పీడు రోలుకు కూడా ఇదే అమరిక పనికొస్తుంది. అంటే డెల్టా ఎండలో కెమెరా మెడలో పడేముందే అన్నీ నిర్ణయమైపోయాయి. నీడలోకి వస్తే ఎఫ్ 8, 250వ వంతు, మూడు మీటర్లు. అప్పుడు తేటదనం రెండు మీటర్ల నుంచి అయిదున్నర దాకా కుదించుకుంటుంది. ఒంటిచేత్తో పట్టినప్పుడు 250వ వంతుకు తగ్గకపోవడం మంచిది.

పట్టు సంగతి. మధ్య వేలు, ఉంగరం వేలు కెమెరా ముందుభాగాన్ని పట్టుకోవాలి. చిటికెన వేలు అడుగున పీటలా ఉండాలి. చాలా కెమెరాల్లో వైండింగ్ లివర్ కొంచెం బయటికి లాగితే అక్కడే నిలుస్తుంది, బొటనవేలు దాని సందులో ఒదుగుతుంది. చూపుడువేలికి షట్టర్ తప్ప ఇంకో పని పెట్టకూడదు. మోచెయ్యి డొక్కకు ఆనాలి, కెమెరా కనుబొమ్మ ఎముకకు ఆనాలి. మెడబెల్టు బిగిసేలా కెమెరాను కాస్త ముందుకు నెడితే అది ఇంకో ఊత. ఊపిరి వదులుతూ బటన్ నొక్కాలి, గుచ్చకూడదు. రోలు తిప్పేటప్పుడు కెమెరా అడుగును ఛాతీకి అదిమి బొటనవేలితో లివర్ చివరిదాకా తోయాలి. సగంలో వదిలితే షట్టర్ పడదు, అసలు క్షణంలోనే ఆ సంగతి తెలుస్తుంది.

మార్పులు చేర్పులకు పెద్ద ఊళ్లకు పోనక్కర్లేదు. పాత ఇనుప ముక్కలతో నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే తెనాలిలో కెమెరాకు పిడి చెయ్యడం ఎంతపని? కెమెరా అడుగున ముక్కాలి పీట కోసం ఉండే రంధ్రానికి పావు అంగుళం బోల్టు సరిపోతుంది, అంగుళానికి 20 మరలున్నది. ఇనుప సామాన్ల కొట్లో అడిగితే ఇస్తారు. దానితో అరచేతికి నప్పే చెక్కపిడి బిగించవచ్చు. బోల్టు మాత్రం రంధ్రం లోతు కంటే పొడవుండకూడదు, లోపలి రేకు చెడుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర మణికట్టుకు తోలుపట్టీ కుట్టించుకుంటే చెయ్యి జారినా కెమెరా జారదు. చెమటకు జారకుండా సైకిలు ట్యూబు ముక్క చుట్టుకోవచ్చు. షట్టర్ బటన్ మధ్యలో కేబుల్ రిలీజ్ కోసం మరలుంటాయి. అక్కడ బొడిపెలాంటి చిన్న బటన్ బిగిస్తే వేలి కొసతో కాక వేలి కణుపుతో మెత్తగా నొక్కవచ్చు. లెన్సుకు ఫోకస్ తిప్పే పుల్ల లేకపోతే కేబుల్ టై బిగించి తోక కొంచెం వదిలితే అదే పుల్ల. రెండు బారల చోట గోళ్లరంగు చుక్క పెట్టుకోండి. కొన్నాళ్లకు చుక్క అవసరముండదు, పుల్ల ఎటుందో వేలికే తెలుస్తుంది.

ఈ విద్య అక్కరకొచ్చే చోటు పెళ్లిపందిరి. ఫ్లాష్ కెమెరా మీదే ఉంటే ముఖాలు పిండిబొమ్మల్లా తెల్లబోతాయి, వెనక గోడమీద నల్లటి నీడ పడుతుంది. ఎడంచేత్తో ఫ్లాష్ పైకెత్తి పక్కనుంచి కొడితే ముక్కుకు ముక్కు, చెంపకు చెంప వస్తాయి. కానొనెట్ లాంటి కెమెరాల్లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది. ఇక్కడా లెక్క ముందే. 100 స్పీడు ఫిల్ముకు ఫ్లాష్ గైడ్ నంబరు మీటర్లలో 20 అయితే, రెండున్నర మీటర్ల దూరానికి 20ని రెండున్నరతో భాగించి ఎఫ్ 8 పెట్టాలి. తలంబ్రాలు పోసుకునే ఇద్దరూ ఆ దూరంలో ఉంటే చాలు. దోసిలి తెరుచుకున్నాక లెన్సు తిప్పుదామంటే బియ్యం అప్పటికే కింద పడి ఉంటుంది.

ఉన్నదే ఒక చెయ్యి అయినవాళ్లకు ఇది సౌకర్యం కాదు, దారి. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న యోసెఫ్ సూడెక్ ఆ తర్వాత జీవితమంతా ప్రాగ్ నగరాన్ని బరువైన పెద్ద కెమెరాలతో తీశాడు. ఎడంచెయ్యి మాత్రమే పనిచేసేవాళ్లకు తుపాకీ పిడిలాంటి పట్టు ఉంది. కెమెరా అడుగున బిగించి, కేబుల్ రిలీజ్‌ను పిడిలోకి తెచ్చుకుంటే అదే చేతి వేలితో నొక్కవచ్చు. జర్మనీలో తయారైన ఎక్సాక్టా రేంజ్‌ఫైండర్ కాదు గానీ, దానికి బటనూ లివరూ రెండూ ఎడంవైపే ఉండేవి. కుడిచేతి వాటమన్నది చాలా కెమెరాలకు అలవాటే తప్ప ధర్మం కాదన్నమాట.

దీనికీ హద్దులున్నాయి. బాపట్ల భావనారాయణస్వామి గుడి మండపంలాంటి మసక వెలుతురులో ఎఫ్ 1.7 తెరిచి మీటరు దూరంలో మనిషిని తీస్తే తేటగా పడేది నాలుగు వేళ్ల మందమే. అక్కడ గొడుగు పక్కన పెట్టి రెండు చేతులూ వాడాల్సిందే. సముద్రపు గాలి తగిలిన కెమెరాను ఇంటికి రాగానే తుడవాలి. చెమ్మకు లెన్సులో బూజు పడుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో పెట్టాలి.

సాధన మొదలుపెట్టడానికి రోలు కూడా అక్కర్లేదు. రేపల్లె స్టేషనులో లైను ముగుస్తుంది, బండి తిరిగి బయల్దేరేదాకా తీరికే. ప్లాట్‌ఫారం మీద దూరంగా ఒక స్తంభాన్ని చూసి "మూడు బారలు" అనుకోండి. వేలితో పుల్లను అక్కడికి జరిపి, అప్పుడు కెమెరా కంటికెత్తండి. మచ్చలో స్తంభం రెండుగా కనబడితే అంచనా తప్పింది. ఎంత తప్పిందో ఆ రెంటి మధ్య ఎడమే చెబుతుంది. టీ గ్లాసు ఎడంచేతిలో ఉండగానే ఇంకో స్తంభం చూడండి.