చార్టు మీద మన సంస్కృతి: కత్తెర ఎవరి చేతిలో?

2023 ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం రోజు, మా ఆశ్రమ పాఠశాల వరండాలో పన్నెండు చార్టులు వేలాడదీశాం. పిల్లలు జట్లుగా కూర్చుని చేసిన కొలాజ్‌లు అవి. ఇచ్చిన అంశం 'మన సంస్కృతి'. పాత పేపర్లు, క్యాలెండర్లు, పట్నంలో నెట్ సెంటర్‌లో తీయించిన రంగు ప్రింట్లు కత్తిరించి అతికించారు. మొదటి బహుమతి వచ్చిన చార్టు చూడముచ్చటగా ఉంది. నడుమ కొమ్ముకోయ నృత్యం. దాని చుట్టూ వలయం కట్టి ఆడుతున్న తెల్లగీతల మనుషులు. ఒక మూల ఒళ్లంతా చుక్కలు నింపిన రంగుల జింక. కింద నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ. అతిథిగా వచ్చిన అధికారి ఆ చార్టు పక్కన నిలబడి ఫొటో దిగారు. మేమూ చప్పట్లు కొట్టాం.

సాయంత్రం చార్టులు దించి చుట్టేటప్పుడు గాని మాకు తట్టలేదు. బహుమతి వచ్చిన చార్టులో ఉన్న నాలుగు బొమ్మల్లో మూడు మా పిల్లలవి కావు. వలయంగా ఆడే తెల్ల బొమ్మలు వార్లీలవి. మహారాష్ట్రలో ఠాణే, పాల్ఘర్ వైపు వార్లీ ఆడవాళ్లు పెళ్లిళ్లప్పుడు ఇంటి గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలవి. చుక్కల జింక మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ప్రధాన్ చిత్రకారుల పద్ధతి. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1980లలో భోపాల్ భారత్ భవన్‌కు చేరాక ఆ పద్ధతి కాగితం మీద లోకానికి తెలిసింది. గుస్సాడీ ఆదిలాబాద్ రాజ్‌గోండులది, దండారి రోజుల్లో ఆడేది. వీళ్లంతా మనకు చుట్టాలే, వాళ్ల కళ అంటే మాకు గౌరవమే. కానీ శబరి, గోదావరి కలిసే చోటికి దగ్గరగా ఉండే కోయ పిల్లలు వాటి మీద 'మన సంస్కృతి' అని రాసి, పక్కవాళ్ల పేరు ఒక్కటైనా రాయకుండా అతికించారు. వాళ్లను ఏమంటాం? మా బడి ప్రహరీ గోడ మీద కూడా రంగుల కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు వార్లీ బొమ్మలే వేశారు. పిల్లలు రోజూ చూసేది అదే.

ఇక నాలుగోది, కొమ్ముల తలపాగా. అది మనదే. అయితే ఆ ఫొటోలో ఉన్నది పెళ్లీ కాదు, పండుగా కాదు. ఎవరో పెద్ద నాయకుడు వస్తే స్వాగతం చెప్పడానికి పిలిపించిన బృందం అది. వెనకాల ఫ్లెక్సీ సగం కనబడుతూనే ఉంది. పిల్లలు ఆ ఫ్లెక్సీని కత్తిరించడం మర్చిపోయారు. ఆ చార్టు మొత్తంలో నిజం చెప్పింది ఆ ముక్క ఒక్కటే.

బహుమతి రాని చార్టు ఒకటి ఉంది. అది 7వ తరగతి అమ్మాయి ఒకతె, ఆమె జట్టులోని మరో ఇద్దరు చేసింది. కింది సగమంతా నీలం టార్పాలిన్ ముక్క. దాని మీద స్కెచ్‌పెన్‌తో 'ఏరు' అని రాసి ఉంది. పైన బురద పట్టి ఆరిపోయిన పాఠ్యపుస్తకం పేజీ, అక్షరాలు అలికిపోయి ఉన్నాయి. సాయంగా పంచిన బిస్కెట్ల కాగితం, బియ్యం సంచి ముక్క. ఒక తునికాకు, దాని పక్కన 50 × 1000 = 50,000 అని లెక్క. కుడివైపు పై మూల ఖాళీ. న్యాయనిర్ణేతల్లో ఒకరు ఆగి, "ఇందులో సంస్కృతి ఏదమ్మా?" అని అడిగారు. అమ్మాయి తల వంచుకుంది. ఆయన ముందుకు వెళ్లిపోయారు. అక్కడే ఉన్న మేము కూడా ఆమె తరఫున ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ చార్టును ఇప్పుడు చదువుదాం. అప్పుడు చదవాల్సింది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. శబరి వెనక్కి ఎగదన్నింది. గూడేలకు గూడేలు మునిగాయి. ఆ అమ్మాయి వాళ్లు గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నారు. నీళ్లు తీశాక ఇంటికప్పు మీదికి కూడా అదే టార్పాలిన్ ఎక్కింది, ఏడాది దాటినా దిగలేదు. 'ఏరు' అన్న మాటను న్యాయనిర్ణేత తెలుగులో చదివి వాగు అనుకున్నారు. కోయలో ఏరు అంటే నీళ్లు. తాగే నీళ్లూ ఏరే, ఇల్లు ముంచిన నీళ్లూ ఏరే. ఆ ఒక్క మాట తెలిసి ఉంటే చార్టు సగం అర్థమయ్యేది. తునికాకు లెక్క సంగతి: కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. ఇంట్లో అమ్మతో కూర్చుని కట్టలు కట్టిన పిల్ల గనక ఒక బ్యాగుకు ఎన్ని ఆకులు కోయాలో లెక్క వేసింది. క్లాసులో సున్నాల గుణకారం తప్పులు చేసే పిల్ల ఇక్కడ తప్పు చేయలేదు. ఖాళీ మూల గురించి తర్వాత అడిగాం. "అక్కడ మా అవ్వ ఫొటో పెట్టాలి సార్. వరదలో పోయింది" అంది.

'ఇంటి నుంచి పాత ఫొటోలు తెండి' అని మేము ఎంత సులువుగా చెప్పామో అప్పుడు తెలిసింది. టీచర్ ట్రైనింగ్‌లో కొలాజ్ గురించి మాకు నేర్పింది పదార్థాల జాబితా ఒక్కటే. కాగితం, కత్తెర, జిగురు, చార్టు. ఏది ఎవరిదో అడగాలని ఎవరూ నేర్పలేదు.

ఆ మాట అసలు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. కొలాజ్ అన్నది ఫ్రెంచి మాట, అతికించడం అని అర్థం. 1912లో పారిస్‌లో పికాసో తన బొమ్మలో ఒక ఆయిల్‌క్లాత్ ముక్క అతికించాడు. దాని మీద కుర్చీకి అల్లే పేము అల్లిక అచ్చువేసి ఉంది. బొమ్మ చుట్టూ తాడు బిగించాడు. అది పేము కాదు, పేము అచ్చు. చూసేవాళ్లు ఆ తేడా పట్టుకోవాలన్నదే అందులోని ఆట. మన బడుల్లో ఆట తిరగబడింది. కొమ్ముల అచ్చు అతికించి కొమ్ములే అనుకుంటున్నాం. పేము చీల్చి బుట్ట అల్లే తాత ఇంటి దగ్గర ఉండగా బుట్ట ఫొటో కోసం నెట్ సెంటర్‌కు ఐదు రూపాయలు ఇస్తున్నాం.

ఇంకొక ఉదాహరణ మనకు మరీ దగ్గరది. బెర్లిన్‌లో హన్నా హోఖ్ అనే చిత్రకారిణి 1920లలో పత్రికల్లోని ఫొటోలు కత్తిరించి ఒక వరుస బొమ్మలు చేసింది. మ్యూజియంలలో ఉన్న ఆఫ్రికా మొదలైన చోట్ల తెగల శిల్పాల తలలను ఐరోపా ఆడవాళ్ల ఒంటికి అతికించింది. తన దేశంలో ఆడదాన్ని ఎలా చూస్తున్నారో అడగడం ఆమె ఉద్దేశం, ఆ ప్రశ్న గట్టిదే. కానీ ఆ శిల్పం చెక్కినవాడి పేరు బొమ్మలో లేదు, మ్యూజియంలోనూ చాలావాటికి లేదు. తెగలవాళ్ల వస్తువు ఇంకొకరి ప్రశ్నకు ముడిసరుకు అయింది. కొలాజ్ చరిత్రలో మనం మొదటి నుంచీ ఉన్నాం, కత్తెర కింద. మన పిల్లలకు కత్తెర ఇచ్చినప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలి.

అలాగని అతికించే కళ మనకు పరాయిదనడం మా ఉద్దేశం కాదు. పడిగె ఉంది కదా. మా వైపు పెద్దల దగ్గర మేము చూసిన పడిగె ముక్కోణపు గుడ్డ. దాని మీద వేల్పులు, పూర్వీకులు, జంతువులు, వేరే రంగు గుడ్డలో కత్తిరించి కుట్టినవి. కత్తిరించడం, అమర్చడం, కలపడం అన్నీ అందులో ఉన్నాయి. కానీ తేడా చూడండి. పడిగెలో ఏ ముక్కా అనామకం కాదు. ఇది ఏ గట్టు వాళ్లది, ఈ ఆకారం ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారు, అంతా డోలీ పాటలో ఉంటుంది. మూడో గట్టు నుంచి ఏడో గట్టు వరకు ఎవరి వేల్పు వాళ్లకుంది, ఎవరి పడిగె వాళ్లకుంది. ఒక ముక్క చోటు మారితే కథ తప్పు. పాడేవాడు లేకపోతే గుడ్డ ఉత్త గుడ్డ.

ఇంత తెలిసి కూడా మేము ఒక తప్పు చేయబోయాం. ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత, 8వ తరగతి పిల్లలతో రంగు కాగితాల పడిగె చేయిద్దామని పాఠం తయారు చేసుకున్నాం. నమూనా కోసం దగ్గరి గూడెంలో తలపతి గారిని అడగడానికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, అంతా విని, "పడిగె విప్పితే పాట పాడాలి సారూ. పాట లేకుండా విప్పగూడదు. మీ బడిలో ఎవరు పాడతారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మేమూ కోయవాళ్లమే. మా గట్టు కథ మాకు పూర్తిగా రాదు. హాస్టల్లో పెరిగినవాళ్లం.

పాఠం మానేశాం. మా తోటి ఉపాధ్యాయులందరూ ఒప్పుకోలేదు. మాలో ఒకాయన గట్టిగానే వాదించారు: "మూడో తరగతిలో హాస్టల్లో పడేసిన పిల్లలు కొలుపు రోజుకు ఇంటికి వెళ్లరు. బడిలో చూపించకపోతే వాళ్లు పడిగెను ఇక ఎక్కడ చూస్తారు? రేపు మ్యూజియంలో అద్దం వెనకాలా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని వదలలేదు. పెద్దాయన మాటా తీసేయలేం. బడి చేయాల్సింది పడిగె బొమ్మ చేయించడం కాదు, కొలుపు రోజుకు పిల్లలకు సెలవు ఇప్పించడం అని ప్రస్తుతానికి మా అభిప్రాయం. ఈ సంగతిని మీటింగులో అడిగాం, పరిశీలిస్తామన్నారు.

అప్పటి నుంచి కొలాజ్ పని వేరేగా చేస్తున్నాం. నెట్ ప్రింట్లు వద్దన్నాం. ఊరికే నిషేధించినా లాభం లేదు గనక, ప్రింటు తెస్తే అది ఎవరిదో, ఎక్కడివాళ్లదో కింద రాయాలన్నాం. దాంతో సగం ప్రింట్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఒకడు మాత్రం వార్లీల గురించి అడిగి తెలుసుకుని నాలుగు లైన్లు రాసుకొచ్చాడు. అది మంచిదే, పక్కవాళ్లను పేరుపెట్టి పిలవడం నేర్చుకున్నాడు. జిగురుకు ఫెవికాల్ అయిపోతే అన్నం మెతుకులు చాలు. ఆకులు, ఇప్పపువ్వు అతికిస్తే వానాకాలంలో బూజు పడుతుందని కూడా నేర్చుకున్నాం. మొదటి బ్యాచ్ చార్టులు అలాగే పోయాయి.

అన్నిటికంటే మారింది మాట. చార్టు చుట్టూ కూర్చున్నప్పుడు పిల్లలు కోయలో గలగలా మాట్లాడతారు. 'ఇప్పుడు నిలబడి వివరించు' అనగానే తెలుగులోకి వచ్చి, 'మన సంస్కృతి చాలా గొప్పది' అని అప్పజెప్పి కూర్చుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు కోయ కూడా అందులో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం 5వ తరగతి వరకు వీలైన చోట ఇంటి భాషలో చెప్పమంది. కాగితం మీద ఉన్నది గదిలోకి రావాలంటే వివరించడం కూడా కోయలోనే జరగాలి. ఇప్పుడు ప్రతి ముక్క గురించీ కోయలో చెప్పాకే అతికించాలి. కోయ రాని టీచరు ఉంటే పిల్లలే తెలుగులో చెబుతారు. ఆ గంటసేపు టీచరు నేర్చుకునేవారు అవుతారు. కొందరికి ఇది నచ్చలేదు. క్లాసు అదుపు తప్పుతుందన్నారు. అవును, గోల ఉంటుంది.

కిందటేడాది అంశం మార్చాం. 'మన సంస్కృతి' అని కాకుండా 'మా ఊరు' అన్నాం. మా పిల్లల ఊళ్లలో కొన్ని పోలవరం ముంపులో ఉన్నాయి. 41.15 కాంటూరు అన్న మాట ఐదో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఎవరి ఇల్లు లోపల, ఎవరి ఇల్లు బయట అని వాళ్లలో వాళ్లే చెప్పుకుంటారు. కొందరి ఇళ్లవాళ్లు ఇప్పటికే కాలనీలకు వెళ్లిపోయారు. ఒకడు నాలుగు తీరుగా గీసిన గళ్ల కాగితం అతికించి, దాని కింద కాలనీలో తమ ఇంటి నంబరు ఒక్కటే రాశాడు. పాత ఊరి గురించి ఏమీ పెట్టలేదు. అడిగితే గుర్తులేదన్నాడు. ఆ చార్టు ముందు మేము చాలాసేపు ఉన్నాం.

ఆ రోజు అధికారులతో పాటు గూడేల పెద్దల్నీ పిలిచాం. బహుమతులు పెట్టలేదు. ఒక ముసలాయన 6వ తరగతి పిల్లాడి చార్టు ముందు ఆగి, కోయలో వాడి ఇంటిపేరు అడిగి, ఊరు అడిగారు. వాడు చింతగింజలతో చేసిన చెట్టును వేలితో చూపించి, "ఇది ఇటు కాదురా, గోదావరి వైపు ఉండాలి. దాని కిందే మీ ముత్తాత పంచాయితీ చెప్పేవాడు" అన్నారు. వాడు గింజలు ఒక్కొక్కటే గోటితో పీకి అటువైపు అతికించడం మొదలుపెట్టాడు. అన్నం జిగురు అప్పటికే గట్టిపడింది, చార్టు కొంత చిరిగింది. ముసలాయన అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని, ఆ చెట్టు పక్కన ఎవరి ఇల్లు ఉండేదో చెప్పడం మొదలుపెట్టారు.